వాసన లేని నీళ్లు

“జన్మంతా ముఖాలకి మెరుగులు అమ్మిన మనిషికి, ఆఖరికి ఇంత సీసానా?”

యోన్‌హ్వా గొంతు పెంచలేదు. లోపలి గదిలో తల్లి మేలుకునే ఉంది. అందుకే ఒక్కొక్క మాటనీ పళ్ల మధ్య నలిపి బయటికి తోస్తోంది. ఆమె వేలు వంటగది బల్ల మీదున్న ముఖానికి అద్దుకునే టోనర్ సీసా వైపు చాపి ఉంది. చిన్నపిల్ల గుప్పిట్లో ఇమిడిపోయే సీసా అది.

మిరాన్ పొయ్యి మీద జావ కలుపుతోంది. వెనక్కి తిరగలేదు.

“నిన్నే అడుగుతున్నది. తెల్లారేసరికి గ్వాంగ్‌జులో బస్సెక్కి వచ్చాను. అమ్మ ముఖం తుడుద్దామని సొరుగు తీస్తే ఇది కనపడింది. పచ్చ సీసా ఏమైంది?”

“తీసి పైన పెట్టాను వదినా.”

“ఎందుకూ?”

“అత్తయ్యకి మండుతోంది. మందులెక్కించినప్పటి నుంచీ చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. పచ్చ సీసాలో స్పిరిట్ ఎక్కువ. రాస్తే కందిపోతోంది.”

“అదే రాసుకుని బతికింది మా అమ్మ. భుజాన సంచీ వేసుకుని ఈ మోక్‌పో కొండ మీద ఎక్కని గుమ్మం లేదు. అది అమ్మే నన్నూ వీణ్ణీ పెంచింది. అప్పుడెప్పుడూ మండలేదు, నీ చేతికొచ్చాక మండిందా?”

వీడు అన్నది తమ్ముణ్ణి. గిచోల్ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. దీవులకు వెళ్లే పడవల దగ్గర టిక్కెట్లిచ్చే ఉద్యోగం అతనిది. ఇవాళ సెలవు పెట్టాడు. అక్క వైపు గానీ భార్య వైపు గానీ చూడకుండా, ముందున్న బార్లీ టీ గ్లాసును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“నువ్వైనా చెప్పవేంరా?”

“ఏం చెప్పను అక్కా. ముఖానికి రాసుకునే నీళ్ల గురించి నాకేం తెలుసు.”

“తెలియదు. నీకేదీ తెలియదు. ఆస్పత్రి మెట్ల మీద మాత్రం తెలిసినవాడిలా మాట్లాడావు.”

అతని చేతిలో గ్లాసు ఆగింది.

ఆస్పత్రి మెట్ల మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇక మందులు పనిచేయవనీ, ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టమనీ డాక్టరు చెప్పిన రోజు, ఆ మెట్ల మీదే నిలబడి అక్కాతమ్ముడూ ఒక మాట అనుకున్నారు. అమ్మకి చెప్పకూడదు. కడుపులో పుండు, మెల్లగా మానుతుంది అని చెప్పాలి. కోడలిని ఎవరూ అడగలేదు. మిరాన్ మెట్ల కింద చక్రాల కుర్చీ పట్టుకుని, అందులో కునుకుతున్న అత్తగారి తల పక్కకు వాలకుండా చేయి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ ఆ అబద్ధాన్ని పొద్దున్నే జావతో పాటు కాచి, గిన్నెలో పోసి తీసుకెళ్తున్నది మాత్రం ఆమే.

“పిసినారితనమనుకున్నాను ముందు,” అంది యోన్‌హ్వా. సీసా చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుంది. “కాదు. ఇది అంతకంటే ఘోరం. కొలిచావు నువ్వు. మా అమ్మకి ఇంకెంత ఉందో మనసులో కొలుచుకుని, దానికి సరిపడా తెచ్చావు.”

గరిట ఆగిపోయింది.

“అక్కా, ఆ మాటలేంటి,” అన్నాడు గిచోల్.

“అడుగు. కాదని చెప్పమను.”

మిరాన్ పొయ్యి కట్టేసింది. కాదని చెప్పాలనే నోరు తెరిచింది. మాట రాలేదు.

ఎందుకంటే ఓడరేవు వీధిలోని ఆ దుకాణంలో జరిగింది సరిగ్గా అదే. అత్తగారి కోసం వాసన లేనిది, స్పిరిట్ లేనిది, పసిపిల్లకి రాసినా ఏమీ కానిది కావాలని అడిగింది మిరాన్. బల్ల వెనకున్న అమ్మాయి సీసాలు ముందు పేర్చి, ఒక్కొక్క చుక్క మిరాన్ మణికట్టు మీద వేసి చూపించింది. ఒకటి జిగురుగా ఉంది. ఒకటి నిమ్మ వాసన. ఒకటి మాత్రం ఉత్త నీళ్లలా చర్మంలోకి ఇంకిపోయింది. ఇది ఇవ్వు, పెద్దది, అంది మిరాన్. ఆ అమ్మాయి మంచిగానే, నవ్వుతూనే అంది: “ఇందులో నిలవ మందు లేదండీ, మూత తీశాక ఎక్కువ కాలం ఉండదు. ఆవిడకి ఎన్నాళ్లు వస్తుందనుకుంటున్నారు?”

మిరాన్ అక్కడే నిలబడిపోయింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. చేయి దానంతటదే చిన్న సీసా వైపు వెళ్లింది.

“చూశావా,” అంది యోన్‌హ్వా తమ్ముడితో. “కాదనలేకపోతోంది.”

అప్పుడు లోపలి గదిలోంచి చప్పుడైంది. వీపు గోక్కునే వెదురు పుల్లతో గోడ మీద తట్టడం. నోటితో పిలిచే ఓపిక పోయాక మల్‌సున్ అలవాటు చేసుకున్న పిలుపు అది.

యోన్‌హ్వా ముఖం ఒక్క క్షణంలో మారిపోయింది. తాను తెచ్చిన పెద్ద డబ్బా చంకన పెట్టుకుని, “వస్తున్నానమ్మా,” అంటూ వెళ్లింది. చూసేవాళ్లకి పండక్కి వచ్చిన ఆడపిల్లలా ఉంది.

మిరాన్ జావ గిన్నెతో వెనకే వెళ్లి, గుమ్మం దగ్గర ఆగింది.

వెచ్చటి నేల మీద పరుపు. పరుపు మీద దిండ్లకు చేరగిలబడి మల్‌సున్. మనిషి చిక్కి సగమైనా జుట్టు దువ్వించుకునే ఉంది, జాకెట్టు మెడ దాకా బొత్తాలు పెట్టించుకునే ఉంది. కూతురు విప్పుతున్న డబ్బాను చూసి ఆమె కళ్లు పైకి లేచాయి.

“అబ్బో. ఎంత డబ్బానే.”

“నీ రకమే అమ్మా. అదే కంపెనీ. ఇప్పుడు సీసా మార్చారు.”

“ఇదంతా అయ్యేసరికి నాకు నూరేళ్లు నిండుతాయి.”

యోన్‌హ్వా చేతుల్లో మూత జారింది. పరుపు మీద పడింది కాబట్టి చప్పుడు కాలేదు. “అలాగే నిండనీ,” అని, తానన్న మాట తనకే తగిలి, పెదవి కొరుక్కుంది.

మల్‌సున్ కూతుర్నే చూస్తోంది.

పూల వాసన గదంతా కమ్ముకుంది. ముక్కు లోపలిదాకా కోసుకుపోయే వాసన అది, ఘాటుగా, చల్లగా. యోన్‌హ్వా దూదిని ముంచి తల్లి నుదుటి మీద పెట్టి, చెంప మీదికి లాగింది. మల్‌సున్ వేళ్లు దుప్పటి అంచును పట్టుకున్నాయి.

“మండుతోందా?”

“మండితేనే పనిచేస్తున్నట్టు. నా దగ్గర కొన్నవాళ్లందరికీ అదేగా చెప్పేదాన్ని.”

“అయితే ఆపనా?”

“కానీ. ఎంత దూరం నుంచి మోసుకొచ్చావో.”

రెండో చెంప. మెడ. మిరాన్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. పుండు మీద కారం చల్లుతుంటే చూస్తూ ఊరుకున్నట్టుంది ఆమెకి. ఆపమని చెబితే, కోడలు కూతురి చేయి పట్టుకుందనే మాట ఆ గదిలోనే పుడుతుంది. చెప్పకపోతే ఆ ముఖం.

ముసలామె కళ్ల కొసల నుంచి నీళ్లు కారాయి. ఏడుపు కాదు, మంట. నీరు కారిన మేర చర్మం ఎర్రగా చార కట్టింది. ఆ తరవాత చెంపలు రెండూ, మెడ, చెవి కింద దాకా, వేడి గిన్నె తాకినట్టు కందిపోయాయి.

యోన్‌హ్వా దూదిని చూసింది. తల్లి ముఖాన్ని చూసింది. దూది పిడికిట్లో నలిపేసి, లేచి, మిరాన్‌ని తోసుకుంటూ స్నానాల గదిలోకి వెళ్లిపోయింది. కుళాయి ధారగా విప్పిన చప్పుడు వినపడింది. ఆ ధార కింద ఇంకో చప్పుడు కూడా ఉంది. ఇంట్లో ముగ్గురికీ వినపడింది, ముగ్గురూ విననట్టే ఉన్నారు.

“అలా కొయ్యలా నిలబడ్డావేమే,” అంది మల్‌సున్. “తుడువు.”

మిరాన్ చల్లటి నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, అద్దుతూ అద్దుతూ ఆ వాసనంతా తీసింది. మళ్లీ నీళ్లు మార్చింది. ముసలామె ఊపిరి నిదానించింది.

“ఇప్పుడు నీది తీసుకురా.”

“ఏది అత్తయ్యా?”

“దాని గురించేగా పొద్దుట్నుంచి వంటింట్లో పాముల్లా బుసలు కొట్టుకుంటున్నారు. నా కాళ్లు పడిపోయాయి గానీ చెవులు కాదు.”

మిరాన్ చిన్న సీసా తెచ్చింది. తడి ఆరకముందే అరచేతిలో కాస్త పోసుకుని, రెండు చేతులూ కలిపి వెచ్చబెట్టి, ఆ ముఖానికి ఆనించింది. రుద్దలేదు. ఆనించి, అలాగే పట్టుకుంది.

ఇది నేర్పింది ఈ ముసలామే. పెళ్లయి వచ్చిన మర్నాడు పొద్దున, బియ్యం కడగబోతున్న కోడల్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి అద్దం ముందు కూర్చోబెట్టింది. “ముఖం కడిగాక తడి ఉండగానే అద్దుకోవాలి. ఆరాక రాస్తే బీటల నేల మీద వానలా ఎటు పోతుందో తెలియదు. దూది వద్దు, దూది నీకంటే ఎక్కువ తాగుతుంది. చేతులు చాలు.” ఆ తరవాత ఎన్నో తిట్లు తిట్టింది. కూర ఉప్పన్నది, నడక బద్ధకమన్నది, పుట్టింటివాళ్లు మాట తెలియనివాళ్లన్నది. ఆ తిట్లన్నీ మిరాన్‌కి గుర్తున్నాయి. కానీ అత్తగారింట ఆమె ఒంటిని మొదట ప్రేమగా తాకిన చేతులు కూడా ఇవే.

“బాగుంది,” అంది మల్‌సున్, కళ్లు మూసుకుని. “ఏమీ తెలియడం లేదు. చల్లగా లేదు, వేడిగా లేదు, వాసన లేదు.”

“మీకు మంట పుట్టకూడదని అదే చూసి తెచ్చాను.”

“ఇంట్లో మాటలు కూడా ఈ నీళ్లలాగే అయ్యాయి. వాసన ఉండదు, మంట ఉండదు. పుండంట. మానుతుందంట. నా కొడుకు పుట్టి బుద్ధెరిగాక నాతో ఇంత మెత్తగా మాట్లాడింది లేదు. ‘ఏం తింటావమ్మా, ఎలా ఉందమ్మా.’ వాడు పడవ దగ్గర ఊరివాళ్లతో కూడా అలా మాట్లాడడు.”

మిరాన్ చేతులు గడ్డం కిందికి జరిపింది.

“ఇంత చిన్నది ఎందుకు తెచ్చావు?”

“దుకాణంలో పెద్దది లేదు అత్తయ్యా.”

“చిన్నది పెట్టినవాడు పెద్దది పెట్టకుండా ఉండడే. నేను సంచీలో చిన్నవి ఎవరి కోసం మోసేదాన్నో తెలుసా? ఊరెళ్లేవాళ్ల కోసం. ప్రయాణాల్లో మోయడానికి తేలిక.”

గది బయట చెక్క నేల కిర్రుమంది. మిరాన్ తలెత్తింది. గిచోల్ గుమ్మంలో ఉన్నాడు. తల్లికి కనపడనంత వెనకగా నిలబడి, భార్య కళ్లలోకి చూస్తూ మెల్లగా తల అడ్డంగా ఊపాడు. స్నానాల గదిలో కుళాయి ఆగిపోయింది.

“కోడలా.”

“ఆఁ.”

“దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, ఎందాకా వస్తుందనుకున్నావు?”

మిరాన్ చేతులింకా ఆ ముఖం మీదే ఉన్నాయి. అరచేతుల కింద దవడ ఎముకలు తెలుస్తున్నాయి. వాటి కింద ఎక్కడో, గడియారంలా చిన్నగా కొట్టుకుంటున్న నరం. చేతులు తీసేస్తే అబద్ధం చెప్పగలనేమో అనిపించింది ఆమెకి. తీయలేకపోయింది.

“కొండ మీద కమెలియాలు పూసేదాకా అనుకున్నాను అత్తయ్యా,” అంది.

గుమ్మంలో గిచోల్ గోడకి చేయి ఆన్చాడు.

మల్‌సున్ కళ్లు తెరవలేదు. కిటికీ బయట, ఇంకా మొగ్గ కూడా తొడగని చెట్ల మీదుగా పడవ కూత వినపడింది. అది పూర్తిగా ఆగాక అడిగింది.

“మొదటి పూలా, కడపటి పూలా?”

“తెలియదు.”

“డాక్టరు చెప్పాడా?”

“చెప్పాడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు.”

“మిరాన్,” అన్నాడు గిచోల్.

ఆ ఒక్క పిలుపుతో ముసలామె కళ్లు తెరుచుకున్నాయి. కొడుకు వైపు తిరిగి, చాలాసేపు చూసింది. అతను చిన్నప్పుడు దొంగతనంగా సంచీలో చేయి పెట్టి దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు.

“నీకు తెలుసన్నమాట.”

“అమ్మా, అది కాదు... పెద్ద డాక్టర్లు ఇంకా ఉన్నారు...”

“నోర్మూసుకో.”

ఆ మాట పాత మల్‌సున్‌ది. చాలా రోజుల తరవాత వినపడింది. గిచోల్ నోరు మూసుకోలేదు. భార్య వైపు తిరిగాడు. “తృప్తిగా ఉందా నీకు? మేం ఇద్దరం ఇన్నాళ్లూ రాయిలా మోసింది, నువ్వు ఒక్క ముక్కలో ఆవిడ గుండె మీద పడేశావు. పోనీ నీ తల్లయితే చెప్పేదానివా?”

“అడిగితే చెప్పేదాన్ని,” అంది మిరాన్.

అతను ఇంకేదో అనబోయి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి వెళ్లిపోయాడు. తలుపుకున్న ఎలక్ట్రానిక్ తాళం దానంతటదే పడి, కిచకిచమని మూగబోయింది.

స్నానాల గది గుమ్మంలో యోన్‌హ్వా నిలబడి ఉంది. ముఖం నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మిరాన్ అరుపుల కోసం సిద్ధపడింది. యోన్‌హ్వా అరవలేదు. నెమ్మదిగా వచ్చి, తల్లి పక్కన కూర్చుని, మిరాన్ చేతుల్ని ఒక్కొక్కటిగా ఆ ముఖం మీంచి తీసేసింది. పాత్ర మీద పడిన మసి తీసినట్టు.

“చాలు. ఇక నువ్వు మా అమ్మని ముట్టుకోవద్దు.”

“వదినా...”

“గ్వాంగ్‌జులో నాకు తెలిసిన ఆస్పత్రి ఉంది. అక్కడ ఇంకో రకం మందులున్నాయి. ఈ ఊరి డాక్టరు ఒకడు చెప్పాడని శవంలా పడుకోబెట్టి రోజులు లెక్కపెడుతున్నారు మీరు. అమ్మా, నాతో రా. ఇవాళే. నువ్వు లేస్తావు. వసంతంలో మనిద్దరం ఆ కొండెక్కుతాం.”

ఆ మాటలో ఎంత నమ్మకముందంటే, యోన్‌హ్వా నిజంగానే నమ్ముతోందేమోనని మిరాన్‌కి ఒక్క క్షణం అనిపించింది. అత్తగారి వైపు చూసింది. ఆమె ఒప్పుకోదు. ఈ పరుపు మీంచి స్నానాల గదికి వెళ్లడానికే వద్దనే మనిషి, అంత దూరం ఏం వెళ్తుంది. పైగా నిజం అడిగింది ఆమే, చెప్పించుకుంది ఆమే.

“కోడలా,” అంది మల్‌సున్. “నా ఉన్ని కోటు ఎక్కడుంది?”

మిరాన్‌కి అర్థం కాలేదు.

“చలికోటు. బట్టలు సర్దు. యోన్‌హ్వా, టాక్సీ పిలువు. మీ తమ్ముడి కోసం చూడక్కర్లేదు, వాడు పడవల దగ్గర నిలబడి సిగరెట్లు కాలుస్తూ ఉంటాడు.”

యోన్‌హ్వా ఫోను కోసం వంటగదిలోకి పరిగెత్తింది. గెలిచిన మనిషి నడక కాదది. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనన్న భయం.

మిరాన్ అలమర తీసింది. కోటు తీసింది, లోపలి బట్టలు, ఉన్ని మేజోళ్లు, రుమాళ్లు తీసి సంచిలో పెట్టింది. ఏడాది పొడుగునా ఈ మనిషిని ఎత్తి దింపిన చేతులవి, ఇప్పుడు ఒక చొక్కా మడత పెట్టడం వాటికి చేతకావడం లేదు. చెప్పకపోతే ఇక్కడే ఉండేది. ఈ గదిలో, ఈ కిటికీ పక్కన, తన చేతుల్లో పోయేది. ఆ మాట మనసులో పుట్టగానే సిగ్గేసింది. సిగ్గేసినా పోలేదు.

మేజోళ్లు తొడగడానికి పాదాల దగ్గర కూర్చుంది. వదిన ముట్టుకోవద్దన్న సంగతి గుర్తొచ్చి ఆగింది.

“తొడుగు,” అంది మల్‌సున్.

చల్లటి పాదాలు. ఒకటి తొడిగింది. రెండోది తొడుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

“నా మీద కోపమా అత్తయ్యా?”

“నీ మీద నాకు ఎప్పుడు కోపం లేదు గనక.”

“అది కాదు. ఇవాళ్టిది.”

వంటగదిలో యోన్‌హ్వా టాక్సీవాడికి అపార్టుమెంటు గుర్తులు చెబుతోంది. అవతలివాడికి అర్థం కావడం లేదు, మళ్లీ మొదటి నుంచి చెబుతోంది.

“నువ్వు చెప్పింది నిజమే,” అంది మల్‌సున్. “నాకు ముందే తెలుసు. ఒళ్లు చెప్పదా. కానీ మనసు ఊరుకోదే. మళ్లీ అడుగుతాను నిన్ను. రేపు అడుగుతాను, ఎల్లుండి అడుగుతాను. ఇంకా ఎంతుందని. నువ్వు నా ముఖం పట్టుకుని చెబుతావు.”

మిరాన్ పాదం పట్టుకునే ఉంది.

“యోన్‌హ్వా దగ్గర ఎన్నిసార్లు అడిగినా ఎవరూ చెప్పరు,” అంది ముసలామె. “అందుకే పోతున్నాను.”

“టాక్సీ కింద ఉందమ్మా,” అంటూ యోన్‌హ్వా లోపలికి వచ్చి, తల్లిని ఎత్తడానికి ఒక పక్కన చేయి వేసింది. ఎత్తలేకపోయింది. తెలియని చేతులు, పట్టు దొరకలేదు. మల్‌సున్ నొప్పితో సన్నగా మూలిగింది. యోన్‌హ్వా మళ్లీ ప్రయత్నించింది, ఆమె కళ్లు తప్పనిసరై మిరాన్ వైపు తిరిగాయి.

మిరాన్ లేచి, అలవాటుగా అత్తగారి చంకల కింద చేతులు పోనిచ్చి, తన భుజం మీద ఆ తలను ఆనించుకుని, ఒక్క ఊపులో నిలబెట్టింది.

నిలబడ్డాక మల్‌సున్ ఆ భుజం వదల్లేదు.